'కీప్ ది ఫోన్' అంటే ఆయన లైన్‌లోనే ఉండిపోయారు

ప్రశ్న: మేడమ్, మాది నర్సీపట్నం దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు విశాఖపట్నంలో సరుకు ఎగుమతులు చూసే ఒక ఆఫీసులో ఫ్రంట్ డెస్క్‌లో చేస్తున్నాను. చేరి నాలుగు నెలలైంది. మెయిల్స్ బాగానే రాస్తాను. ఫోన్ మోగితేనే టెన్షన్. పోయిన నెలలో ఇంగ్లండ్ నుంచి ఒక కస్టమర్ ఫోన్ చేసి మా మేనేజర్ గారిని అడిగారు. ఆయన లోపల ఫోన్ ఎత్తడం లేదు. 'సర్ ఈజ్ నాట్ లిఫ్టింగ్ ది ఫోన్. యూ కీప్ ది ఫోన్, ఐ విల్ డూ కాల్' అని చెప్పి పెట్టేశాను. ఆయన మళ్ళీ చేసి, నన్ను లైన్‌లో ఉండమని చెప్పి నువ్వే ఎందుకు పెట్టేశావని కోప్పడ్డారు. పక్కవాళ్ళు నవ్వారు. అప్పటి నుంచి విదేశీ నంబర్ కనిపిస్తే ఫోన్ పక్క సీటుకి ఇచ్చేస్తున్నాను. నేను మాట్లాడింది అంత తప్పా? బ్రిటిష్ ఇంగ్లీషు నేర్చుకోవాలా, అమెరికన్ ఇంగ్లీషా? ఆయన మళ్ళీ ఫోన్ చేస్తే ఏమనాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ రోజు గొడవ నీ గ్రామర్ వల్ల జరగలేదు. నువ్వు అన్నమాట ఆయన సరిగ్గానే విన్నారు, విన్నట్టే చేశారు. 'కీప్' అంటే వదలకుండా ఉంచుకోవడం. ఆటో దిగి 'కీప్ ది చేంజ్' అంటే చిల్లర ఉంచుకొమ్మని కదా. అలాగే 'యూ కీప్ ది ఫోన్' అనగానే, ఫోన్ పట్టుకుని ఉండమంటున్నావని ఆయన అనుకున్నారు. నువ్వేమో 'మీరు పెట్టేయండి, మేం చేస్తాం' అన్నావు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. ఒక్క మాట దగ్గర తేడా వచ్చింది.

మన 'పెట్టు' ఎన్ని పనులు చేస్తుందో చూడు. అన్నం పెడతాం, బొట్టు పెడతాం, పేరు పెడతాం, ముహూర్తం పెడతాం, చివరికి ఫోన్ కూడా పెట్టేస్తాం. ఇన్నింటికీ సరిపోయే ఒక్క మాట ఇంగ్లీషులో లేదు. 'పుస్తకం టేబుల్ మీద పెట్టు' అనడానికి మన దేశంలో చాలామంది 'కీప్ ది బుక్ ఆన్ ది టేబుల్' అంటారు. మనలో మనకి అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో అక్కడ 'పుట్' అంటారు. ఫోన్ పెట్టేయడానికి వాళ్ళ మాటలు 'పుట్ ది ఫోన్ డౌన్', 'హ్యాంగ్ అప్'. ఇవి తెలిసి ఉండాలి గానీ కస్టమర్‌తో మాట్లాడేటప్పుడు వీటి అవసరం దాదాపు రాదు. 'షీ హంగ్ అప్ ఆన్ మీ' అంటే నేను మాట్లాడుతుండగానే ఆవిడ ఫోన్ పెట్టేసిందని ఫిర్యాదు. 'ఐయామ్ హ్యాంగింగ్ అప్' అంటే విసుగు పుట్టి పెట్టేస్తున్నట్టు ఉంటుంది. మనం 'ఉంటానండీ', 'పెట్టేస్తానండీ' అని చెప్పి మరీ పెడతాం, అది మన మర్యాద. వాళ్ళు పెట్టే సంగతి ఎత్తరు. 'థ్యాంక్ యూ ఫర్ కాలింగ్. బై' అంటారు, అంతే.

ఆ రోజు నువ్వు అనవలసింది ఇది: 'ఐయామ్ అఫ్రెయిడ్ హీ ఈజ్ నాట్ ఆన్సరింగ్. కెన్ ఐ ఆస్క్ హిమ్ టు కాల్ యూ బ్యాక్?' ఇక్కడ 'అఫ్రెయిడ్' అంటే భయం కాదు. 'ఏమనుకోకండి' అనే మన మాట చేసే పనే అక్కడ అది చేస్తుంది.

ఇక 'లిఫ్టింగ్'. దీనికి నవ్వినవాళ్ళు కూడా రేపు ఇంటికెళ్ళి 'వాడు ఫోన్ లిఫ్ట్ చేయడం లేదు' అనే అంటారు. ఫోన్‌కి సంబంధించిన మాటలు ఏ భాషలోనైనా ఆ పరికరాన్ని చూసి పుట్టినవే. గోడకి తగిలించిన పాత ఫోన్లలో, మాట్లాడటం అయ్యాక చెవి దగ్గర పెట్టుకున్న రిసీవర్‌ని పక్కనున్న కొక్కేనికి వేలాడదీసేవారు. 'హ్యాంగ్ అప్' అక్కడి నుంచి వచ్చింది. వేలు పెట్టి గుండ్రంగా తిప్పే అంకెల చక్రం పేరు డయల్. ఆ చక్రం ఇళ్ళలోంచి ఎప్పుడో పోయింది, మనం ఇంకా నంబర్ 'డయల్' చేస్తూనే ఉన్నాం. మనవాళ్ళు నల్ల ఫోన్ మీద ఉన్న రిసీవర్‌ని ఎత్తడం, పెట్టడం చూశారు, అదే మాట అయింది. వాళ్ళు మోగిన గంటకి బదులు పలకడం చూశారు. తలుపు తట్టినప్పుడు 'ఆన్సర్ ది డోర్' అన్నట్టే 'ఆన్సర్ ది ఫోన్'. 'పిక్ అప్' కూడా అంటారు, అది మన 'ఎత్తడం'కి దగ్గరి చుట్టమే. కాబట్టి 'లిఫ్ట్' తెలివితక్కువ మాటేమీ కాదు, అక్కడ వాడుకలో లేని మాట. చెన్నై నుంచో ముంబయి నుంచో ఫోన్ వస్తే నువ్వు 'నాట్ లిఫ్టింగ్' అన్నా కొంప మునగదు. ఇంగ్లండ్ వాళ్ళకి 'నాట్ ఆన్సరింగ్', 'నాట్ పికింగ్ అప్' అను.

అసలు 'హలో' కూడా అలా ఒకరు ఎంచుకున్న మాటే. ఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఓడల వాళ్ళు కేకేసే 'అహోయ్' బాగుంటుందన్నారు. 'హలో' మేలని 1877లో ఉత్తరం రాసింది థామస్ ఎడిసన్. ఎడిసన్ మాటే నిలిచింది. ఇవాళ మీ పల్లెటూళ్ళో బామ్మగారు కూడా ఆ మాటే అంటుంది.

మాకు క్లాసులో బాగా ఇబ్బంది పెట్టే మాట ఇంకొకటి ఉంది, 'కట్'. తెలుగులో 'ఫోన్ కట్ అయింది', 'ఫోన్ కట్ చేశాడు' అని రెండు ముక్కలతో సరిపెడతాం. ఇంగ్లీషులో ఏం జరిగిందో దాన్ని బట్టి మాట మారుతుంది. సిగ్నల్ పోయి లైన్ తెగిపోతే 'వుయ్ గాట్ కట్ ఆఫ్' లేదా 'ది కాల్ డ్రాప్డ్'. మోగుతుండగానే ఎత్తకుండా కట్ చేస్తే 'హీ డిక్లైన్డ్ మై కాల్'. మాట్లాడుతుండగా కోపంతో పెట్టేస్తే 'హీ హంగ్ అప్ ఆన్ మీ'. కస్టమర్‌తో లైన్ దానంతటదే పోయింది అనుకో. నువ్వు మళ్ళీ చేసి 'సర్, యూ కట్ ది కాల్' అంటే ఆయన చేయని నేరం ఆయన మీద మోపినట్టు అవుతుంది. 'సారీ, వుయ్ గాట్ కట్ ఆఫ్' అంటే ఎవరి తప్పూ లేదు. నిజంగా కూడా ఎవరి తప్పూ లేదు కదా.

నీ మూడో ముక్క 'ఐ విల్ డూ కాల్'. ఇది 'ఫోన్ చేస్తాను' లోని 'చేయడం'. ఇంగ్లీషులో 'కాల్' ఒక్కటే పని మొత్తం చెప్పేస్తుంది, పక్కన 'డూ' అక్కరలేదు. 'ఐ విల్ కాల్ యూ'. దీని వెంటే మన 'కి' కూడా వచ్చి కూర్చుంటుంది. 'ఆయనకి ఫోన్ చేశాను' అని మనసులో ఉంటుంది కాబట్టి నోటికి 'ఐ కాల్డ్ టు హిమ్' వస్తుంది. ఆ 'టు' తీసేయాలి. 'ఐ కాల్డ్ హిమ్', 'ఐ ఫోన్డ్ హిమ్', 'ఐ ర్యాంగ్ హిమ్'. 'టు' పెడితే దూరంగా ఉన్న మనిషిని కేకేసి పిలిచినట్టు అర్థం వస్తుంది. కాల్ అనేది వస్తువులా నిలబడినప్పుడు మాత్రం 'టు' వస్తుంది: 'ఐ మేడ్ ఎ కాల్ టు మాంచెస్టర్'. 'ఈ నంబరుకి చేయండి' అనేటప్పుడు కూడా 'కి' చూసి 'టు దిస్ నంబర్' అనకు. ఇంగ్లండ్‌లో 'కాల్ మీ ఆన్ దిస్ నంబర్', అమెరికాలో 'ఎట్ దిస్ నంబర్'.

'ఫోన్ కలవడం లేదు' అనే మన మాట నాకు చాలా ఇష్టం, ఇద్దరు మనుషులు కలవనట్టే ఉంటుంది అందులో. దానికి ఇంగ్లీషులో 'ఐ కాంట్ గెట్ త్రూ'. ఇదే 'త్రూ' నీ సీటులో ఉన్నవాళ్ళకి రోజూ అన్నం పెట్టే మాట. 'సర్‌కి ఇస్తాను' అనాలంటే 'ఐ విల్ గివ్ టు సర్' కాదు, 'ఐ విల్ పుట్ యూ త్రూ'. మేనేజర్ గారి పేరు చేర్చాలంటే 'టు' పెట్టి చెప్పు. 'సర్' అని మాత్రం వదిలేయకు. మనకి ఆఫీసులో సర్ అంటే ఒక్కరే. అవతలివాళ్ళకి ఆ సర్ ఎవరో తెలియదు. ఆయన సీటులో లేకపోతే 'హీ ఈజ్ అవే ఫ్రమ్ హిజ్ డెస్క్', ఊళ్ళో లేకపోతే 'హీ ఈజ్ అవుట్ ఆఫ్ టౌన్'. 'అవుట్ ఆఫ్ స్టేషన్' అంటే ఈ రోజుల్లో విదేశాల వాళ్ళకి రైల్వే స్టేషనే గుర్తొస్తుంది.

ఫోన్‌లో ముఖం కనిపించదు. ఈ ఒక్క కారణం వల్లే ఎదురుగా కూర్చుని మాట్లాడినప్పుడు బాగున్న మాటలు ఫోన్‌లో కటువుగా వినిపిస్తాయి. మనం 'చెప్పండి' అన్నప్పుడు గొంతులో ఆదరం ఉంటుంది. దాన్నే 'టెల్ మీ' అంటే పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు ఉంటుంది. 'హౌ కెన్ ఐ హెల్ప్ యూ?' అను. 'మీరెవరండీ' లో 'అండీ' మోసే మర్యాద 'హూ ఆర్ యూ?' లో ఎక్కడా లేదు. 'మే ఐ ఆస్క్ హూ ఈజ్ కాలింగ్?' అనాలి. నీ పేరు చెప్పుకోవడానికి 'మైసెల్ఫ్' వద్దు. 'ఐయామ్' తప్పు కాదు, కానీ ఫోన్‌లో వాడుక 'దిస్ ఈజ్' అని మొదలుపెట్టి పేరు చెప్పడం. నీ కోసమే ఎవరైనా అడిగితే 'స్పీకింగ్' అన్న ఒక్క మాట చాలు. వింటూ వింటూ మనం అనే 'ఆఁ', 'ఊఁ' కూడా కొందరు విదేశీయులకి ప్రశ్నలా, అర్థం కానట్టుగా వినిపిస్తాయి. 'రైట్', 'ఐ సీ', 'ఓకే' అలవాటు చేసుకో. తల ఊపితే ఎటూ కనిపించదు.

'మీ వాయిస్ రావడం లేదు' అనేది ఇప్పుడు అందరి నోటా ఉంది. 'యువర్ వాయిస్ ఈజ్ నాట్ కమింగ్' బదులు 'ఐ కాంట్ హియర్ యూ' అను. ముక్కలు ముక్కలుగా వినిపిస్తే 'యూ ఆర్ బ్రేకింగ్ అప్'. మీటింగుల్లో మనవాళ్ళందరూ అడిగే 'యామ్ ఐ ఆడిబుల్?' వ్యాకరణం ప్రకారం సరైనదే, అయితే అక్కడ మామూలుగా మాట్లాడేవాళ్ళు 'కెన్ యూ హియర్ మీ?' అంటారు.

ఇప్పుడు నీ ఉద్యోగానికి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. అర్థం కాకపోయినా 'యెస్, యెస్' అనడం. నీ ఉత్తరంలో ఆ మాట రాయలేదు, కానీ టెన్షన్ పడే పిల్లలందరూ చేసేది ఇదే కాబట్టి చెబుతున్నాను. 'కీప్' అన్నందుకు ఒక మనిషి రెండు నిమిషాలు ఎదురుచూశారు. 'థర్టీన్' ని 'థర్టీ' అని విని ఊరుకుంటే సరుకు ఎక్కాల్సిన ఓడ తప్పిపోవచ్చు. అలాంటి చోట 'వన్ త్రీ ఆర్ త్రీ జీరో?' అని అడుగు. అడగడం చిన్నతనం కాదు, నీ పనే అది. 'సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?', 'కుడ్ యూ స్పీక్ ఎ లిటిల్ మోర్ స్లోలీ?', 'లెట్ మీ రీడ్ దట్ బ్యాక్ టు యూ'. ఈ మూడింటినీ నిద్రలో లేపి అడిగినా వచ్చేలా చేసుకో. మూడోది మరీ ముఖ్యం. రాసుకున్నది తిరిగి చదివి వినిపిస్తే తప్పు అక్కడే దొరుకుతుంది.

మీ ఆఫీసులో కంటైనర్ నంబర్లు ఫోన్‌లో చెప్పాల్సి వస్తుంది కదా. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. నాలుగో అక్షరం మామూలుగా 'యు'. చివరి అంకె ముందున్న వాటిని లెక్క కట్టి వేసిన తనిఖీ అంకె. అంటే ఒక అక్షరం, ఒక అంకె తప్పు పడటం ప్రపంచమంతటా జరిగేదేనని తెలిసే ఆ ఏర్పాటు చేశారు. అలాంటప్పుడు నువ్వొక్కదానివే సిగ్గుపడాల్సిన పనేముంది? అక్షరాలు చెప్పేటప్పుడు 'బి' 'డి' గానో 'పి' గానో వినిపిస్తుంది, 'ఎమ్' 'ఎన్' అవుతుంది. 'వి', 'డబ్ల్యూ' మనకి నోట్లోనే కలిసిపోతాయి. 'బి ఫర్ బాల్' అని బడిలో నేర్చినట్టు చెప్పినా తప్పేమీ లేదు. ఓడలు, విమానాల వాళ్ళు వాడే వరుస ఒకటి ఉంది: ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, అలా జూలూ దాకా. ఇరవై ఆరే మాటలు, వారంలో వచ్చేస్తాయి. నీ లైన్‌లో ఉన్నవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది, రేపు నిన్ను చూసి నవ్వినవాళ్ళే నీ దగ్గర నేర్చుకుంటారు.

ఫోన్ నంబర్ చెప్పేటప్పుడు 'డబుల్ ఎయిట్', 'ట్రిపుల్ ఫోర్' ఇంగ్లండ్‌లో చక్కగా చెల్లుతాయి. అమెరికా వాళ్ళకి మాత్రం అంకె తర్వాత అంకె విడిగా చెప్పు. 'ఎస్.టి.డి. కోడ్' అనే మాట విదేశీయులతో వాడకు. మనకి అది వేరే ఊరికి మనమే నేరుగా డయల్ చేసుకునే ఏర్పాటు, ఆపరేటర్ దగ్గర ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు కూర్చునే రోజుల్ని పోగొట్టిన సౌకర్యం. మన దేశంలో మొదట 1960లో కాన్పూర్, లక్నోల మధ్య వచ్చింది. తర్వాత వీధి వీధికీ పసుపు బోర్డుల బూత్‌లు వచ్చాయి. బయట దేశాల్లో ఈ రోజుల్లో ఆ మూడు అక్షరాలు వింటే లైంగికంగా అంటుకునే జబ్బు గుర్తొస్తుంది. 'ఏరియా కోడ్' అను. విశాఖ కోడ్ 0891 లో ముందున్న సున్నా విదేశం నుంచి చేసేవాళ్ళకి అక్కరలేదు, 'ప్లస్ నైన్ వన్, ఎయిట్ నైన్ వన్' అని మొదలుపెట్టి చెప్పు. సున్నా తీయకపోవడం వల్ల కలవని కాల్స్ బోలెడు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. 'ఫోన్‌లో చార్జింగ్ లేదు' అంటే 'మై బ్యాటరీ ఈజ్ లో', పూర్తిగా అయిపోతే 'మై ఫోన్ ఈజ్ డెడ్'. 'ఐ విల్ రివర్ట్' వద్దు, 'ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ' అను. 'రివర్ట్' కి వాళ్ళ దగ్గర అర్థం పాత స్థితికి వెళ్ళిపోవడం. 'మిస్డ్ కాల్ ఇవ్వండి' అనేది బయటివాళ్ళకి బోధపడదు. కాల్ మిస్ అవ్వడం అందుకునేవాళ్ళ పని, దాన్ని ఇవ్వడమేమిటని చూస్తారు. పైసా పైసా లెక్కపెట్టి ఫోన్ వాడిన మన జనం కనిపెట్టిన పద్ధతి అది, మనలో మనం హాయిగా వాడుకుందాం.

బ్రిటిషా, అమెరికనా అని అడిగావు. నీ కస్టమర్లు ఎక్కువమంది ఎక్కడివాళ్ళైతే అది. తేడాలు నువ్వు అనుకునేంత ఏమీ లేవు. ఇంగ్లండ్‌లో 'మొబైల్', అమెరికాలో 'సెల్ ఫోన్'. లైన్ ఖాళీ లేకపోతే ఇంగ్లండ్‌లో 'ఎంగేజ్డ్', అమెరికాలో 'బిజీ'. అవతలి మనిషి ఆయనేనా అని అడగడానికి ఇంగ్లండ్‌లో 'ఈజ్ దట్', అమెరికాలో 'ఈజ్ దిస్'. 'త్రూ' ఒక్కదానితో కాస్త జాగ్రత్త: 'ఆర్ యూ త్రూ?' అంటే బ్రిటన్‌లో లైన్ కలిసిందా అని, అమెరికాలో మాట్లాడటం అయిపోయిందా అని. యాస మార్చుకోవాలని మాత్రం ప్రయత్నించకు. మన యాసలో నిదానంగా, మాట చివర మింగకుండా మాట్లాడితే అందరికీ అర్థమవుతుంది. అరువు తెచ్చుకున్న యాసలో తొందర తొందరగా మాట్లాడితేనే ఎవరికీ అర్థం కాదు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాక నాకు బాగా నమ్మకం కుదిరిన విషయం ఇది.

ఇంట్లో ఒక పని చెయ్యి. స్నేహితురాలినో తమ్ముడినో పక్క గదిలో కూర్చోబెట్టి నిజంగా ఫోన్ చేయించుకో. రోజూ పది నిమిషాలు చాలు. ఎదురెదురుగా కూర్చుని ప్రాక్టీస్ చేస్తే లాభం లేదు, ముఖం చూసి సగం అర్థం చేసేసుకుంటాం. నేను చెప్పిన వాక్యాలు ఒక కాగితం మీద తెలుగు అక్షరాల్లోనే రాసి ఫోన్ పక్కన అంటించుకో. ఎవరేమన్నా తీయకు.

ఇక ఆ ఇంగ్లండ్ పెద్దమనిషి సంగతి. నెల దాటింది కాబట్టి ప్రత్యేకంగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పక్కరలేదు. ఆయనే చేస్తే తప్పించుకోకు. వాళ్ళకి పొద్దున తొమ్మిదైతే మనకి మధ్యాహ్నం ఒకటిన్నరో రెండున్నరో, కాలాన్ని బట్టి మారుతుంది. గుడ్ మార్నింగా గుడ్ ఆఫ్టర్‌నూనా అని తికమక పడకుండా 'హలో' అని ఆఫీసు పేరు, నీ పేరు చెప్పు. ఆయన గొంతు గుర్తుపడితే 'ఐయామ్ సారీ అబౌట్ లాస్ట్ టైమ్. ఐ మెంట్ దట్ వుయ్ వుడ్ కాల్ యూ బ్యాక్' అను. రెండు వాక్యాలు చాలు, అంతకంటే సాగదీయకు. తర్వాత 'వన్ మొమెంట్ ప్లీజ్, ఐ విల్ పుట్ యూ త్రూ' అని మేనేజర్ గారి ఎక్స్‌టెన్షన్ నొక్కు. ఈసారి కూడా ఆయన ఎత్తకపోతే, ఏమనాలో నీ ఫోన్ పక్కన కాగితం మీద రాసే ఉంటుంది.